ఆడపిల్ల వాటా: రివ్యూ దారి 1976లోనే మూశారు

వాటా దావాలో ఓడిపోయిన ఆడపిల్లలు, తీర్పిచ్చిన కోర్టునే దాన్ని మళ్లీ చూడమంటూ రివ్యూ పిటిషన్ వేస్తే నిలుస్తుందా? అమలాపురం నుంచి భీమవరం దాకా కోర్టు ఆవరణల్లో మళ్లీ ఇదే చర్చ.

ఎన్టీఆర్ హయాంలో 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలైన రాష్ట్ర సవరణ, 2005 నాటి కేంద్ర సవరణ ఇక్కడ అందరికీ తెలిసినవే; ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో పాటు వాటా ఇచ్చేలా హిందూ వారసత్వ చట్టాన్ని మార్చినవి అవి. చిక్కంతా సివిల్ కేసులు నడిచే పద్ధతి చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 47వ ఆర్డర్ మొదటి రూల్‌కు 1976లో తగిలించిన ఒక్క వాక్యం వివరణతో వచ్చింది. ఒక తీర్పుకి ఆధారమైన న్యాయసూత్రాన్ని మరో కేసులో పైకోర్టు తర్వాత తిరగేసినా సరే, అది రివ్యూకి కారణం కాదని ఆ వాక్యం. అంతకుముందు దీనిమీద హైకోర్టులు తలోమాట చెప్పేవి. తగాదాకి ఎక్కడో ఒకచోట ముగింపు ఉండాలన్నది 1976 మార్పు ఉద్దేశం. సబబే, కాకపోతే ఆ ముగింపు ఎవరి నెత్తిన పడిందో చూడండి.

2005 సెప్టెంబర్ 9 నాటికి తండ్రి బతికుంటేనే కూతురికి వాటా అని 2015లో సుప్రీంకోర్టు అంది. అంతకుముందే తండ్రి పోయిన ఆడపిల్లల దావాలు దాంతో వీగిపోయాయి. 2020 ఆగస్టు 11న ముగ్గురు జడ్జీల బెంచ్ ఆ షరతే తప్పని తేల్చింది. ఈ మధ్యలో ఓడి, అప్పీలుకు డబ్బుల్లేక ఊరుకున్న ఆడపిల్లకి ఆ తీర్పు చేతికందదు. రివ్యూ గడువు 30 రోజులే. అది దాటినందుకు కోర్టు క్షమించినా 1976 వివరణ అడ్డం నిలుస్తుంది.

కట్నం ఇచ్చాం, చేను చెరువైంది, కొన్నవాళ్లున్నారు అన్నది అన్నదమ్ముల వాదన.

వాటా దావాలో ఎవరికెంతో తేల్చేది ప్రిలిమినరీ డిక్రీ, ఎవరికి ఏ ముక్కో పంచేది ఫైనల్ డిక్రీ. కేసు ఫైనల్ డిక్రీ దాకా రాకపోతే మాత్రం రివ్యూ జోలికి పోనక్కర్లేదు. కోర్టు పంపిన లాయరు, అంటే అడ్వొకేట్ కమిషనర్, సర్వేయర్‌ని వెంటబెట్టుకుని గట్లు కొలిచి, కొబ్బరి చెట్లు లెక్కపెట్టి, బోదె నీరు ఎవరి ముక్కకి పారుతుందో రాసుకునే దశ అది. అప్పటికింకా వాటాలు మార్చవచ్చని మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. 2020 తీర్పూ అదే అంది. ప్రిలిమినరీ డిక్రీ వచ్చిందని అంతా అయిపోయిందనుకుని కాగితాలు అటకెక్కించిన ఇళ్లు డెల్టాలో తక్కువేం కాదు.

ఫైనల్ డిక్రీ కూడా అయిపోయినవాళ్లది అసలు కష్టం. రివ్యూ కొట్టేస్తే ఆ ఆర్డర్ మీద అప్పీలుండదు. మిగిలింది ఓడిపోయిన అసలు డిక్రీ మీద ఆలస్యపు అప్పీలే. అన్నేళ్లు ఎందుకు ఊరుకున్నావన్న ప్రశ్నకి అక్కడ జవాబు చెప్పుకోవాల్సింది కూడా ఆడపిల్లే.