మందుల షాపులో టీకా: ఫార్మసిస్టు చేతికి సూది ఎలా వచ్చింది?

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన మన పెద్దవాళ్లకు వింతగా తోచే వాటిలో ఇదొకటి. ఎండాకాలం పోతుండగానే సీవీఎస్, వాల్‌గ్రీన్స్ మందుల షాపుల ముందు ఫ్లూ టీకా బోర్డులు వెలుస్తాయి. షాంపూలు, చిప్స్ ప్యాకెట్లు దాటుకుని వెనక కౌంటరు దగ్గరికి వెళ్తే ఫారం ఇస్తారు. జ్వరం ఉందా, ఎలర్జీలు ఉన్నాయా, ఏ చేతికి వేయమంటారు? తర్వాత ఓ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి సూది వేసి, పట్టీ అంటించి, కాసేపు ఇక్కడే ఉండమంటారు. డాక్టరు లేడు, నర్సు లేదు. వేసింది ఫార్మసిస్టు.

డాక్టరు చీటీ లేనిదే ఒక్క అమాక్సిసిలిన్ క్యాప్సూల్ ఇవ్వని మనిషి సూది మాత్రం వేసేస్తాడు. మన దగ్గర ఇది తిరగబడి ఉంటుంది. యాంటీబయాటిక్ చీటీ లేకుండానే దొరుకుతుంది (చట్టం ఒప్పుకోదు, ఆ సంగతి అందరికీ తెలిసిందే). టీకాకు మాత్రం ఏఎన్ఎం దగ్గరికో ఆసుపత్రికో వెళ్లాల్సిందే.

అక్కడ కూడా ఇది మొదటి నుంచీ ఉన్నది కాదు. వాషింగ్టన్ రాష్ట్రం 1979లోనే డాక్టరూ ఫార్మసిస్టూ ఒప్పందం రాసుకుని కలిసి చికిత్స చేసేందుకు చట్టం తెచ్చింది. ఆ పునాది మీదే 1994 చివర్లో ఆ రాష్ట్రంలో ఫార్మసిస్టులకు టీకాలు వేయడంలో పద్ధతి ప్రకారం శిక్షణ మొదలైంది. 1996లో అమెరికన్ ఫార్మసిస్ట్స్ అసోసియేషన్ దేశమంతటికీ సర్టిఫికెట్ కోర్సు పెట్టింది. ఒక్కో రాష్ట్రమే దారికి వచ్చింది. అన్నిటికన్నా చివర 2009లో మెయిన్ రాష్ట్రం ఒప్పుకుంది.

సూది వేయడం వేరు, వేయమని రాయడం వేరు. అసలు పేచీ ఈ రెండో దాని మీదే. చాలాచోట్ల మొదట్లో డాక్టరు ముందే సంతకం చేసిన ప్రోటోకాల్ కాగితం ఒకటి షాపులో ఉండేది. ఇలాంటి వయసు వారికి, ఈ టీకా, ఈ మోతాదులో వేయవచ్చని అందులో ఉంటుంది. రోగి ముఖం ఆ డాక్టరు ఎప్పుడూ చూసి ఉండడు. తర్వాత్తర్వాత కొన్ని రాష్ట్రాలు ఆ సంతకం కూడా అక్కర్లేదని ఫార్మసిస్టుకే అధికారం ఇచ్చాయి.

డబ్బు లెక్క కూడా కలిసొచ్చింది. 2006లో పెద్దవాళ్ల సర్పి వ్యాధికి జోస్టావ్యాక్స్ టీకా వచ్చింది. దాన్ని ఫ్రీజర్‌లో గడ్డకట్టించి దాచాల్సి వచ్చేది. పైగా ముసలివాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ దాన్ని మందుల బీమా అయిన పార్ట్ డీ కింద పెట్టింది. ఆ బిల్లు కట్టించుకోవడం డాక్టరు ఆఫీసుకు తలనొప్పి, ఫార్మసీ కంప్యూటరుకు రోజూ చేసే పని. ముసలివాళ్లు షాపు దారి పట్టారంటే ఆశ్చర్యమేముంది?

2020లో కోవిడ్ వచ్చి పాత హద్దులు చెరిపేసింది. ఆ ఆగస్టులో కేంద్ర ఆరోగ్య శాఖ ఆరోగ్య అత్యవసర సమయాల కోసం 2005లో చేసిన ప్రెప్ చట్టం కింద, మూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఫార్మసిస్టులు తామే టీకా రాసి వేయవచ్చని ప్రకటించింది. ఇరవై గంటల శిక్షణ, సీపీఆర్ సర్టిఫికెట్ ఉండాలని షరతు పెట్టింది. బిడ్డను డాక్టరుకు చూపించడం మానొద్దని తల్లిదండ్రులకు చెప్పాలనీ రాసింది. పిల్లల డాక్టర్ల సంఘం దీన్ని గట్టిగా వ్యతిరేకించింది. సూది కోసం వచ్చిన బిడ్డ బరువు, ఎదుగుదల కూడా తాము చూస్తామని, షాపులో ఎవరు చూస్తారని వారి బాధ. అందులో న్యాయం ఉంది. కానీ ఆ తర్వాత కోవిడ్ టీకాల కోసం జనం పరుగెత్తింది ఎక్కువగా ఫార్మసీలకే.

ఇంత జరిగినా చట్టాల్లోని ఒక వాక్యం ఎవరి కంటా పడలేదు. ఏసీఐపీ సిఫార్సు చేసిన టీకాలే ఫార్మసిస్టు వేయవచ్చని చాలా రాష్ట్రాలు రాసుకున్నాయి. ఎవరికి ఏ టీకా వేయాలో ప్రభుత్వానికి చెప్పే, 1964 నుంచి ఉన్న నిపుణుల సంఘం అది. దాని మాట తప్పుతుందని ఎవరనుకుంటారు? 2025 జూన్‌లో ఆరోగ్య మంత్రి రాబర్ట్ ఎఫ్. కెన్నెడీ జూనియర్ అందులోని 17 మందినీ తీసేశారు. ఆగస్టు చివర్లో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ కొత్త కోవిడ్ టీకాలను 65 ఏళ్లు దాటినవారికి, జబ్బు ముప్పు ఎక్కువున్నవారికి మాత్రమే అనుమతించింది. ఏసీఐపీ సిఫార్సు అప్పటికి ఇంకా రాలేదు. దాంతో పదికి పైగా రాష్ట్రాల్లో పెద్ద ఫార్మసీలు డాక్టరు చీటీ తెమ్మన్నాయి. అంతకుముందు ఏడాది నేరుగా వెళ్లి వేయించుకున్నవాళ్లకు ఆసారి టెన్షన్.

అప్పుడు మొదలైంది ఆ వాక్యం మార్చే హడావుడి. సెప్టెంబరు 3న పెన్సిల్వేనియా ఫార్మసీ బోర్డు ఏసీఐపీతో పాటు డాక్టర్ల సంఘాల సిఫార్సులూ చెల్లుతాయని ఓటేసింది. రెండు రోజులకు న్యూయార్క్ గవర్నరు ఫార్మసిస్టులు చీటీ లేకుండానే కోవిడ్ టీకా వేయవచ్చని అత్యవసర ఉత్తర్వు ఇచ్చారు. కాలిఫోర్నియా అయితే 2025 జనవరి 1 నాటి పాత సిఫార్సులనే ప్రాతిపదికగా తీసుకుంటూ చట్టం చేసింది.

ప్రెప్ చట్టం కింద కోవిడ్, ఫ్లూ టీకాలకు ఇచ్చిన కేంద్ర అనుమతి 2029 డిసెంబరు 31 వరకు ఉంది. అందులోనూ ఏసీఐపీ సిఫార్సు ప్రకారమే వేయాలన్న షరతు ఉంది.