2004 మే 11 నుంచి 2024 జూన్ 4 దాకా: మార్కెట్‌ని పడేసింది ఎవరు?

2024 జూన్ 4, మంగళవారం, లోక్‌సభ ఓట్ల లెక్కింపు జరుగుతుండగానే సెన్సెక్స్ 4,389 పాయింట్లు పడిపోయింది. శుక్రవారం వచ్చేసరికి 76,693 దగ్గర కొత్త రికార్డుతో ముగిసింది. మార్కెట్ ఆ దెబ్బను మూడు సెషన్లలో మర్చిపోయింది గానీ రాజకీయ పార్టీలు మర్చిపోలేదు. ఇది దేశంలోనే అతి పెద్ద స్టాక్ మార్కెట్ కుంభకోణమని, సంయుక్త పార్లమెంటరీ కమిటీ (జేపీసీ) వేయాల్సిందేనని రాహుల్ గాంధీ గురువారం ప్రెస్‌మీట్ పెట్టి అడిగారు. ఓటమిని జీర్ణించుకోలేక ఇన్వెస్టర్లను భయపెడుతున్నారని బీజేపీ నేత పీయూష్ గోయల్ అదే రోజు బదులిచ్చారు. దాంతో పాత ప్రశ్న మళ్లీ లేచింది. ఢిల్లీలో కుర్చీ కదిలితే ముంబైలో మార్కెట్ కూలుతుందా?

పీవీ మైనారిటీ ప్రభుత్వం, హర్షద్ మెహతా, 1997లో దేవెగౌడకు కాంగ్రెస్ మద్దతు తీసేసిన మర్నాటి పతనం, ఇవన్నీ చాలామందికి తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను. నా లెక్కలో ఈ గొడవకు మూలం 2004 మే నెలలో ఒక్క వారం. మార్కెట్ వాళ్లు ఆ వారాన్ని మే 17 పేరుతోనే గుర్తుపెట్టుకున్నారు. కానీ మొదటి దెబ్బ పడింది మే 11న. అది ఢిల్లీ నుంచి రాలేదు, హైదరాబాద్ నుంచి వచ్చింది.

ఆ రోజు ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఓట్లు లెక్కించారు. తెలుగుదేశం 47 సీట్లకు పడిపోయింది. కాంగ్రెస్ ఒక్కటే 185 గెలిచింది. లోక్‌సభ లెక్కింపు ఇంకా రెండు రోజులుంది, కేంద్రంలో వాజ్‌పేయి ప్రభుత్వం అలాగే ఉంది. అయినా సెన్సెక్స్ ఆ రోజు దాదాపు 230 పాయింట్లు జారింది. అప్పట్లో అది నాలుగు శాతానికి పైమాటే.

ఒక రాష్ట్ర ఫలితానికి అంత ఉలికిపాటు ఎందుకంటే, బాంబే బ్రోకర్ల దృష్టిలో చంద్రబాబు ఒక ముఖ్యమంత్రి మాత్రమే కాదు. సంస్కరణలు చేసినా ఓట్లు పడతాయని చెప్పడానికి వాళ్ల దగ్గరున్న సాక్ష్యం ఆయన. క్లింటన్ వచ్చి వెళ్లిన హైటెక్ సిటీ, ప్రపంచ బ్యాంకు అప్పులు, ల్యాప్‌టాప్ ముందు పెట్టుకున్న ముఖ్యమంత్రి, వాళ్లు చూసింది ఇదంతా. 2000 ఆగస్టులో కరెంటు చార్జీల మీద జనం రోడ్డెక్కితే బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరగడం, వరసగా కరువులు, అనంతపురంలో రైతు ఆత్మహత్యలు వాళ్ల రిపోర్టుల్లో ఎక్కడా కనిపించేవి కావు. అలిపిరి దాడి తర్వాత ఆయన 2003 నవంబర్‌లో అసెంబ్లీని రద్దు చేశారు, కేంద్రం కూడా లోక్‌సభ ఎన్నికలను ముందుకు జరిపింది. ‘ఇండియా షైనింగ్’ ప్రచారం హోరెత్తింది. 2004 జనవరిలో సెన్సెక్స్ 6,000 దాటింది. మార్చిలో ఓఎన్‌జీసీలో వాటా అమ్మితే ప్రభుత్వానికి 10 వేల కోట్లకు పైగా వచ్చింది. ఎన్డీయే తిరిగి వస్తుంది, పెట్రోలు కంపెనీల అమ్మకం కొనసాగుతుంది అన్న నమ్మకం షేర్ల ధరల్లోకి ఎక్కి కూర్చుంది.

మే 11న చెదిరింది ఆ నమ్మకం. అప్పటికి ప్రభుత్వం కూడా మారలేదు.

తర్వాత జరిగింది మరీ విచిత్రం. మే 13న లోక్‌సభ ఫలితాలు వచ్చాయి, ఎన్డీయే ఓడిపోయింది. ఆ రోజు మార్కెట్ పడలేదు, ఓ నలభై పాయింట్లు పెరిగింది కూడా. కాంగ్రెస్ వస్తే మన్మోహన్ సింగ్ ఉన్నారు కదా అని బ్రోకర్లు సర్దుకున్నట్టే కనిపించారు. మర్నాడు శుక్రవారం కథ అడ్డం తిరిగింది. కొత్త ప్రభుత్వం నిలబడాలంటే అరవై దాకా సీట్లున్న లెఫ్ట్ మద్దతు తప్పదు. డిజిన్వెస్ట్‌మెంట్ (ప్రభుత్వ సంస్థల్లో వాటాల అమ్మకం) గురించి విలేకరులు అడిగితే సీపీఐ నేత ఏ.బి. బర్దన్ అది ఏ గంగలో కలిస్తే మాకేం అన్న ధోరణిలో జవాబిచ్చారు. సెన్సెక్స్ 329 పాయింట్లు పడింది. హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి ఉచిత విద్యుత్ ఫైలు మీద తొలి సంతకం పెట్టింది కూడా సరిగ్గా ఆ శుక్రవారమే. బాంబేలో ఆ రెండు వార్తలనూ కలిపి చదువుకున్నారంటే ఆశ్చర్యం లేదు.

శని, ఆదివారాలు మార్కెట్‌కు సెలవు. రెండు రోజులూ టీవీల్లో లెఫ్ట్ నాయకులే. సోమవారం, మే 17న, బెల్ మోగీ మోగగానే అమ్మకాలు మొదలయ్యాయి. పది శాతం దాటి పడగానే ట్రేడింగ్ ఆగిపోయింది. ఇలా ట్రేడింగ్‌ని ఆపేసే, సూచీ మొత్తానికి వర్తించే సర్క్యూట్ బ్రేకర్ అనేది 2001 జూలైలో తెచ్చిన ఏర్పాటు. పతనం మీద అది పనిచేయడం అదే మొదలు. మళ్లీ తెరిస్తే ఇంకా పడింది, మళ్లీ ఆపారు. ఒక దశలో సెన్సెక్స్ 842 పాయింట్లు నష్టంలో ఉంది, అంటే ఆరో వంతు. ఆర్బీఐ రంగంలోకి దిగి సెటిల్‌మెంట్లకు డబ్బు కొరత రాకుండా చూస్తామని బ్యాంకులకు చెప్పాల్సి వచ్చింది. మన్మోహన్ ధైర్యం చెప్పారు. మధ్యాహ్నానికి దేశీ సంస్థలు కొనడంతో కాస్త తేరుకుని 564 పాయింట్ల నష్టంతో 4,505 దగ్గర ఆగింది. శాతంలో చూస్తే 11.14. 2024 జూన్ 4 పతనం 5.74 శాతమే. పాయింట్లు చూసి గుండెలు బాదుకునేవాళ్లు ఈ తేడా గమనించాలి.

ఆ సోమవారం ఉదయం అంతలా పడడానికి లెఫ్ట్ మాటలు ఒక్కటే కారణం కాదు. అప్పటికి స్టాక్ ఫ్యూచర్స్ (షేరును రాబోయే తేదీకి ఇప్పుడే ధర కట్టి కొనే, అమ్మే ఒప్పందాలు) వచ్చి రెండున్నరేళ్లయింది. కొంచెం మార్జిన్ (అడ్వాన్సు సొమ్ము) కట్టి పెద్ద పొజిషన్లు తీసుకోవడం అలవాటైంది. శుక్రవారం పతనంతో మార్జిన్ చాలక సోమవారం పొద్దున్నే బ్రోకర్లు ఫోన్లు చేశారు. డబ్బు కట్టలేనివాళ్ల షేర్లను వాళ్లే అమ్మేశారు. ఆ అమ్మకాలకు ధర పడితే ఇంకొకరికి మార్జిన్ చాలదు. సర్క్యూట్ పడి ట్రేడింగ్ ఆగిందంటే బయటపడదామన్నా దారి లేదు. రాజకీయ వార్త అగ్గిపుల్ల అయితే, కాలింది అప్పు చేసి కట్టిన గడ్డివాము.

మర్నాడు ప్రధాని పదవి విషయంలో సోనియా వెనక్కి తగ్గుతున్నారన్న వార్తలు, మన్మోహన్ పేరు వినిపించగానే 371 పాయింట్లు తిరిగొచ్చాయి. ఆ ఏడాది చివరికి సెన్సెక్స్ 6,600 దగ్గర ఉంది. డిజిన్వెస్ట్‌మెంట్ శాఖను నిజంగానే తీసేసి ఆర్థిక శాఖలో కలిపేశారు, అంటే మార్కెట్ దేనికి భయపడిందో అది జరిగింది కూడా. అయినా లెఫ్ట్ మద్దతుతో నడిచిన ఆ ప్రభుత్వంలోనే 2008 జనవరికి సూచీ 21,000 తాకింది. అదే లెఫ్ట్ 2008 జూలైలో అణు ఒప్పందం మీద మద్దతు ఉపసంహరించింది. విశ్వాస పరీక్షలో బీజేపీ ఎంపీలు పార్లమెంటులో నోట్ల కట్టలు ఊపిన మర్నాడు సెన్సెక్స్ 838 పాయింట్లు పెరిగింది. ప్రభుత్వం గట్టెక్కింది కాబట్టి. ఇక ఆ ఏడాది మదుపరుల నడ్డి విరిచింది అమెరికా బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా. అందులో మన రాజకీయాల పాత్ర లేదు.

గందరగోళం ఒక్కటే మార్కెట్‌ని కూల్చేదైతే 1999లో ఏం కావాలి? ఒక్క ఓటుతో వాజ్‌పేయి ప్రభుత్వం పడిపోయింది, వెంటనే కార్గిల్ యుద్ధం, ఆ తర్వాత ఎన్నికలు. ఆ అక్టోబర్‌లోనే సెన్సెక్స్ తొలిసారి 5,000 దాటింది. 2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనం మీద అల్లరి మూక దాడి చేసిన రోజు డౌ జోన్స్ రికార్డు స్థాయిలో ముగిసింది. మార్కెట్‌కు గొడవలతో పేచీ లేదు. తాను ముందే ధర కట్టేసుకున్నది జరగకపోతేనే దానికి టెన్షన్.

అలా చూసినప్పుడు 2024 జూన్ 4 గురించి అడగాల్సింది ఒకటే: జరగనిదానికి ధర కట్టించింది ఎవరు?

ఇక్కడే రాహుల్ వాదనలో బలముంది. ఆయన చెప్పిన వరస ఇది. మే నెల మొదట్లో మార్కెట్ కాస్త తగ్గి, మార్కెట్ ఒడిదొడుకుల భయాన్ని కొలిచే ఇండియా విక్స్ పెరుగుతున్న సమయంలో అమిత్ షా మే 13న ఒక ఇంటర్వ్యూలో జూన్ 4కి ముందే కొనుక్కోండని చెప్పారు. తర్వాత ప్రధాని కూడా, బీజేపీ రికార్డు సీట్లు గెలుస్తుంది, మార్కెట్ కూడా రికార్డులు కొడుతుంది అన్నారు. జూన్ 1 శనివారం సాయంత్రం ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి. ఒక ప్రముఖ సంస్థ ఎన్డీయేకి 361 నుంచి 401 దాకా ఇచ్చింది. సోమవారం సెన్సెక్స్ ఏకంగా 2,507 పాయింట్లు ఎగిరింది. ఆ రోజు విదేశీ సంస్థలు నికరంగా 6,850 కోట్లు కొన్నాయి. మంగళవారం బీజేపీ 240 దగ్గర, ఎన్డీయే 293 దగ్గర ఆగిపోయాయి. విదేశీ సంస్థలు 12 వేల కోట్లకు పైగా అమ్మేశాయి. ప్రధాని, హోంమంత్రి మార్కెట్ సలహాలు ఎందుకు ఇవ్వాలి, అది వాళ్ల పనేనా అని ఆయన అడిగారు. ఇది కుంభకోణమని రుజువైనా కాకపోయినా, ఈ ప్రశ్నకు జవాబు కావాలి. 2004లో ఆశలు పెంచింది సర్వేలు, ప్రకటనలు, బ్రోకరేజీ రిపోర్టులు. ఏ కేంద్రమంత్రీ తేదీ చెప్పి మరీ షేర్లు కొనుక్కోమనలేదు. ఇరవై ఏళ్లలో వచ్చిన తేడా ఇదే.

గోయల్ జవాబు క్లుప్తంగా: విదేశీయులు పైధరకు కొని కిందిధరకు అమ్ముకున్నారు, లాభపడింది మన ఇన్వెస్టర్లే, పదేళ్లలో మార్కెట్ విలువ ఎన్నో రెట్లు పెరిగింది. ఇందులో మొదటి ముక్క పూర్తిగా కొట్టేయదగింది కాదు. ఎక్స్ఛేంజి లెక్కల ప్రకారం మంగళవారం రిటైల్ ఇన్వెస్టర్లు నికరంగా 21 వేల కోట్లకు పైగా కొన్నారు. ముందు రోజు అమ్మింది కూడా వాళ్లే. అందుకే చిన్న మదుపరులు 30 లక్షల కోట్లు పోగొట్టుకున్నారన్న మాట నిలవదు. అది ఒక్కరోజు మార్కెట్ విలువలో తగ్గిన అంకె, అందులో ప్రమోటర్ల (కంపెనీల యజమానుల) వాటా, ప్రభుత్వ వాటా అన్నీ కలిసే ఉంటాయి. షేర్లు అమ్మకుండా ఉంచుకున్నవాళ్లకు శుక్రవారానికి చాలావరకు తిరిగొచ్చేసింది.

నిజంగా పోగొట్టుకున్నది వేరేవాళ్లు. సోమవారం ఉత్సాహంలో కాల్ ఆప్షన్లు (ధర పెరుగుతుందని కట్టే పందేలు) కొన్నవాళ్లు, ఫ్యూచర్స్‌లో లాంగ్ వెళ్లి (పెరుగుతుందని కొని) మంగళవారం పదకొండు గంటలకే స్క్వేర్ ఆఫ్ అయిపోయినవాళ్లు (నష్టానికి వదిలించుకోవాల్సి వచ్చినవాళ్లు). శుక్రవారం రికార్డు వాళ్లకు పనికిరాదు. ఈ ఫ్యూచర్స్, ఆప్షన్లలో (ఎఫ్ అండ్ ఓ) దిగే చిన్నవాళ్లలో నూటికి 89 మంది నష్టపోతున్నారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే 2023లో లెక్క తేల్చింది. వీళ్ల ఊసు అటు ప్రెస్‌మీట్‌లోనూ లేదు, ఇటు ప్రెస్‌మీట్‌లోనూ లేదు.

ఏ షేర్లు పడ్డాయో చూసినా 2004 గుర్తొస్తుంది. అప్పుడు ప్రభుత్వ రంగ పెట్రోలు కంపెనీలు చావుదెబ్బ తిన్నాయి. 2024 జూన్ 4 మంగళవారం ఎన్టీపీసీ, ఓఎన్‌జీసీ, కోల్ ఇండియా, ఎస్‌బీఐ వరసగా కూలాయి, అదానీ పోర్ట్స్ ఐదో వంతు పోగొట్టుకుంది. సబ్బులు, టీపొడి అమ్మే హిందుస్థాన్ యూనిలీవర్ మాత్రం ఐదు శాతానికి పైగా పెరిగింది. పల్లెల చేతికి డబ్బు ఇస్తారన్న లెక్క అది. మొత్తం మార్కెట్ భయపడి పారిపోయి ఉంటే ఇలా ఉండదు. డబ్బు ఒక గది నుంచి ఇంకో గదికి మారింది.

ఇక మన వైపు నుంచి చూస్తే విధి ఎలా తిరిగిందో. 2004లో ఎవరు ఓడిపోయారని మార్కెట్ జారిందో, ఆయనే 175కి 135 సీట్లతో గెలిచి, 16 మంది ఎంపీలతో ఈసారి దాన్ని నిలబెట్టారు. బుధవారం తెలుగుదేశం, జేడీయూ మద్దతు ఖాయమనగానే 2,303 పాయింట్లు తిరిగొచ్చాయి. చంద్రబాబు కుటుంబ సంస్థ హెరిటేజ్ ఫుడ్స్ షేరు అయితే ఆ వారంలోనే సగానికి పైగా పెరిగింది. దీని మీద సోషల్ మీడియాలో జోకులు పేలాయి గానీ, సంకీర్ణమంటే భయం అనే మాటకు ఇంతకన్నా మంచి జవాబు ఏముంది? సంకీర్ణంలో ఎవరున్నారన్నదే మార్కెట్ చూస్తుంది.

జేపీసీ సంగతికొస్తే 2004 అనుభవం ఇంకొకటి ఉంది. మే 17 పతనం మీద సెబీ దర్యాప్తు చేసి, సరిగ్గా ఏడాదికి, ఆ రోజు భారీగా అమ్మిన స్విస్ సంస్థ యూబీఎస్ మీద ఆర్డర్ ఇచ్చింది. పార్టిసిపేటరీ నోట్ల (విదేశీయులు ఇక్కడ నమోదు కాకుండానే మన షేర్లలో పెట్టుబడి పెట్టే పత్రాలు) వెనుక అసలు క్లయింట్లెవరో సరిగ్గా చెప్పలేదన్నది ప్రధాన అభియోగం. ఏడాది పాటు కొత్త నోట్లు జారీ చేయొద్దంది. ఆ సెప్టెంబర్‌లోనే సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఆ ఆర్డర్‌ను కొట్టేసింది. దేశాన్ని వణికించిన రోజుకు చివరికి దోషి అంటూ ఎవరూ మిగల్లేదు.

2024 జూన్ 9, ఆదివారం సాయంత్రం కొత్త మంత్రివర్గం ప్రమాణం చేసింది. సంఖ్యాబలం ప్రభుత్వం దగ్గరే ఉంది కాబట్టి జేపీసీ వేస్తారన్న ఆశ అప్పుడు ప్రతిపక్షానికి కూడా పెద్దగా ఉండి ఉండదు. కానీ ఈసారి ఇంకో దారి ఉంది. మే 31న, జూన్ 3న ఏ ఖాతాలు పెద్ద ఎత్తున పుట్‌లు (ధర పడుతుందని కట్టే పందేలు) కొన్నాయి, ఏ ఖాతాలు కాల్స్ అమ్మాయి అన్న వివరం క్లయింట్ల వారీగా ఎక్స్ఛేంజీల కంప్యూటర్లలో ఉంది. దాన్ని తెప్పించుకోవడానికి సెబీకి పార్లమెంటు తీర్మానం అక్కర్లేదు.