గుంటూరు నుంచి వెనక్కి

"మొదట ఎంతమందో ఇవ్వలేదు కదా ఆంటీ, ఎక్కడ మొదలుపెట్టాలి?" అంటూ పక్కింటి ఆరో తరగతి పిల్లాడు నోటుబుక్కు పట్టుకొచ్చాడు. లెక్క ఇది: విజయవాడ బస్టాండులో ఒక బస్సు కొంతమందితో బయలుదేరింది. మంగళగిరిలో మూడో వంతు మంది దిగారు, ఆరుగురు ఎక్కారు. పెదకాకానిలో సగం మంది దిగారు, నలుగురు ఎక్కారు. గుంటూరు చేరేసరికి 27 మంది ఉన్నారు. బయలుదేరినప్పుడు ఎంతమంది?

"గుంటూరులో ఎంతమందో ఇచ్చారుగా, అక్కడి నుంచే వెనక్కి రా" అన్నాను.

వాడు 27ని రెట్టింపు చేసి, అందులోంచి 4 తీసేశాడు. చాలామంది పిల్లలు చేసే పొరపాటే ఇది. కూడికను తీసివేతగా మార్చితే సరిపోదు, వరస కూడా తిరగబడాలి. మూట విప్పేటప్పుడు చివర వేసిన ముడినే ముందు విప్పుతాం. చివర ఎక్కిన నలుగురినీ ముందు దించితే 23, రెట్టింపు 46, ఆరుగురు పోతే 40.

అసలు చిక్కు ఇక్కడుంది. "మూడో వంతు దిగారు కాబట్టి మూడో వంతు కలపాలి" అన్నాడు. 40లో మూడో వంతు పదమూడు చిల్లర. మనుషుల్లో చిల్లర ఉండదు కాబట్టి తప్పు బయటపడింది. డబ్బు లెక్కల్లో తప్పు అలా బయటపడదు. బీసెంట్ రోడ్డులో 20 శాతం తగ్గించి 1200 రూపాయలకు ఇచ్చిన చీర అసలు ధర అడిగితే పెద్దవాళ్లూ 1440 అనేస్తారు. అది 1500. తగ్గింది పాత ధరలో అయిదో వంతు, చేతిలో మిగిలిన ధరలో అది నాలుగో వంతు. బస్సులోనూ అంతే. మిగిలిన 40 మంది మూడింట రెండు వంతులు, దిగినవాళ్లు ఆ 40లో సగం. 20 కలిపితే 60.

వెనక్కి వెళ్లేటప్పుడు గుణించినదాన్ని భాగించాలని, కలిపినదాన్ని తీసేయాలని క్రీ.శ. 499 ప్రాంతంలో ఆర్యభటుడు ఒకే శ్లోకంలో చెప్పాడు. 1150లో భాస్కరాచార్యుడు లీలావతి అనే గణిత గ్రంథంలో ఈ భిన్నాల మెలికకూ నియమం పెట్టాడు: ఒక సంఖ్య తనలో కొంత భాగం పోగొట్టుకుంటే, హారంలోంచి లవాన్ని తీసెయ్యి, లవాన్ని కదపకు. మూడో వంతు సగమవుతుంది, అయిదో వంతు నాలుగో వంతవుతుంది. పిల్లలు ఎక్కడ తడబడతారో దగ్గరుండి చూసినవాడి మాటలా ఉంటుంది నాకిది.

తర్వాత లెక్కను కొంచెం మార్చి ఇచ్చాను. మంగళగిరిలో ఎక్కింది ఆరుగురని చెప్పకుండా, బస్టాండులో ఉన్నవాళ్లలో పదో వంతు అన్నాను. వాడు 46 దాకా వచ్చి ఆగిపోయాడు. ఎంతమందిని దించాలో తెలియాలంటే మొదటి సంఖ్య కావాలి, వెతుకుతున్నదే అది. ఇక x రాయక తప్పలేదు. మూడింట రెండు వంతులూ పదో వంతూ కలిస్తే 30 భాగాల్లో 23, అవి 46 మంది. భాగానికి ఇద్దరు. మళ్లీ 60.