మూడు మిల్లీమీటర్ల కార్కు గోడకు ఏం చేస్తుంది?

గోడకు ఇన్సులేషన్, అంటే వేడి గోడ దాటి రాకుండా, పోకుండా వేసే అడ్డు, మామూలుగా పెద్ద పనే. మందపాటి పలకలు తెచ్చి అతికించాలి, మేకులు బిగించాలి, వాటి మీద మళ్లీ ప్లాస్టరింగ్ చేయాలి. గోడ మందం పెరిగితే కిటికీలు లోపలికి పోయినట్టు కనిపిస్తాయి. ఈ తతంగమేమీ లేకుండా, పెయింట్ కొట్టినట్టు స్ప్రే గన్‌తో కార్కు కొట్టిస్తే చాలు, ఎండాకాలం వేడి రాదు, చలికాలం వెచ్చదనం పోదు అని ఎవరైనా చెబితే ఆశ పుట్టడం సహజం. స్ప్రే కార్కు గురించి చెప్పే మాటల్లో సగం నిజమే. ఏ సగం నిజమో తేల్చుకున్నాకే జేబులో చెయ్యి పెట్టాలి.

ముందు సరుకు సంగతి చూద్దాం. కార్కు ఒక చెట్టు బెరడు. కార్కు ఓక్ అనే ఈ చెట్టు మధ్యధరా సముద్రపు పడమటి తీరాల్లో పెరుగుతుంది. ప్రపంచంలో తీసే కార్కులో దాదాపు సగం పోర్చుగల్ నుంచే వస్తుంది, ఆ తర్వాతి స్థానం స్పెయిన్‌ది. చెట్టును నరకరు. వేసవిలో గొడ్డలితో బెరడును జాగ్రత్తగా చీల్చి, పలకలుగా ఊడదీస్తారు. లోపలి పొరకు దెబ్బ తగలకపోతే బెరడు మళ్లీ పెరుగుతుంది. మొదటిసారి తీయడానికి చెట్టుకు పాతికేళ్లు రావాలి, ఆ తర్వాత కనీసం తొమ్మిదేళ్లకోసారి తీస్తారు. సీసా బిరడాలకు పనికొచ్చే నునుపైన బెరడు మూడో కోతకు గానీ రాదు, అంటే చెట్టుకు నలభై దాటాకే. మొదటి రెండు కోతల గరుకు బెరడు, బిరడాలు కోసేశాక మిగిలే ముక్కలు పొడి అవుతాయి. గోడ మీద చల్లే కార్కు ఆ పొడే. ఒక పరిశ్రమ మిగులు ఇంకో పరిశ్రమకు ముడిసరుకు కావడం నాకు ఇందులో బాగా నచ్చే విషయం.

1665లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ తన సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది కూడా ఒక పల్చటి కార్కు ముక్కనే. చిన్న చిన్న గదులు కనిపిస్తే వాటిని 'సెల్స్' అన్నాడు. జీవశాస్త్రంలో కణానికి ఆ పేరు అలా వచ్చింది. ఒక ఘనపు అంగుళంలో ఆ గదులు 120 కోట్లకు పైగా ఉంటాయని లెక్క కట్టాడు. కార్కు గొప్పతనమంతా ఆ గదుల్లోనే ఉంది. గదుల నిండా గాలి, చుట్టూ మైనం లాంటి సుబెరిన్ పూసిన పల్చటి గోడలు. కదలని గాలి వేడిని చాలా నెమ్మదిగా మోస్తుంది. గది ఎంత చిన్నదైతే లోపలి గాలికి కదిలే వీలు అంత తక్కువ. సుబెరిన్ వల్ల నీళ్లు లోపలికి దూరవు. ఇంకో విచిత్రం కూడా ఉంది. రబ్బరు ముక్కను పైనుంచి నొక్కితే పక్కలకు ఉబ్బుతుంది, కార్కు దాదాపు ఉబ్బదు. గది గోడలు ముడతలు పడి అక్కడికక్కడే అణుగుతాయి. సీసా మూతిలోకి బిరడా దిగగలిగేది అందుకే.

వేడిని ఆపడానికి కార్కును వాడటం కొత్తేమీ కాదు. ఉక్కు ఓడల్లో గదుల గోడలకు చెమ్మ పట్టకుండా, తడి పెయింట్ మీద కార్కు పొడి చల్లేవారు. అపోలో యాత్రల్లో రాకెట్ పైకి లేచేటప్పుడు వ్యోమగాముల మాడ్యూల్‌ను కప్పి ఉంచిన కవచంలో కార్కు పొర ఉండేది. మంట తగిలితే కార్కు భగ్గున మండదు, పైపొర నెమ్మదిగా బొగ్గై లోపలిదాన్ని కాపాడుతుంది. ఈ కథలన్నీ నిజమే. చిక్కల్లా, అంతరిక్షానికి పోయిన కార్కుకు ఉన్న పేరును గోడ మీది పల్చటి పూతకు కూడా అంటగట్టేయడంలో ఉంది.

స్ప్రే కార్కు అంటే ఉత్త కార్కు కాదు. సన్నటి కార్కు పొడి, నీటిలో కలిసే యాక్రిలిక్ జిగురు, రంగు, బూజు పట్టకుండా ఒకటి రెండు రసాయనాలు. అన్నీ కలిపిన చిక్కటి ముద్దను కంప్రెసర్‌కు తగిలించిన గన్‌తో గోడకు కొడతారు. ముందు గోడ కడగాలి, నాచు గీకాలి, పగుళ్లు పూడ్చాలి, ప్రైమర్ వేయాలి. తర్వాత ఒక కోటు, అది ఆరాక ఇంకో కోటు. రెండూ కలిపి రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల మందం వస్తుంది. చూడటానికి కాస్త గరుకుగా, వేలితో నొక్కితే కొంచెం మెత్తగా ఉంటుంది.

జిగురు కలిసిందంటే లెక్క మారినట్టే. వేడిని ఒక పదార్థం ఎంత సులువుగా పోనిస్తుందో చెప్పే అంకెను ఉష్ణవాహకత అంటారు. అది ఎంత తక్కువైతే ఇన్సులేషన్‌కు అంత మంచిది. కదలని గాలికి సుమారు 0.025, కార్కు పలకకు 0.04, ఇటుక గోడకు 0.7 చుట్టూ, కాంక్రీటుకు దాని రెట్టింపు. గాలి గదులున్న కార్కు రేణువుల మధ్య ఖాళీని గట్టి జిగురు నింపేస్తుంది కాబట్టి స్ప్రే పూతకు ఇది 0.06 నుంచి 0.1 దాకా పోతుంది. అమ్మకపు కాగితాల్లో 0.04 కనిపిస్తే అది పూతదో పలకదో గట్టిగా అడగాలి.

అసలు దెబ్బ మాత్రం మందం దగ్గర పడుతుంది. కాగితం, పెన్సిలు తీసుకుంటే అయిదు నిమిషాల లెక్క. 23 సెంటీమీటర్ల ఇటుక గోడ తీసుకుందాం. మీటర్లలో మందాన్ని ఉష్ణవాహకతతో భాగిస్తే, అంటే 0.23ను 0.7తో భాగిస్తే, 0.33 వస్తుంది. ఇది గోడ వేడిని అడ్డుకునే శక్తి. గోడకు రెండు వైపులా అంటిపెట్టుకుని ఉండే గాలి పొర ఇంకో 0.17 కలుపుతుంది. మొత్తం 0.5. లోపలికీ బయటికీ పది డిగ్రీల తేడా ఉంటే ఈ గోడలో ప్రతి చదరపు మీటరు గుండా 20 వాట్ల వేడి పోతుంది. ఇప్పుడు 3 మిల్లీమీటర్ల కార్కు కొడదాం. 0.003ను 0.07తో భాగిస్తే 0.043. మొత్తం 0.543. వేడి 18.4 వాట్లకు తగ్గింది. అంటే 8 శాతం. పోనీ, పలకకు ఉండే 0.04నే పూతకూ ఇచ్చేద్దాం అనుకున్నా 17.4 వాట్ల దగ్గర ఆగుతుంది. అదే గోడకు 5 సెంటీమీటర్ల కార్కు పలక అతికిస్తే? 5.7 వాట్లు! నూటికి డెబ్బై పాళ్లు తగ్గిపోయింది. ఆ పలక చేసే పనిని స్ప్రేతో చేయించాలంటే దాదాపు 9 సెంటీమీటర్ల మందం కొట్టాలి. అలా ఎవరూ కొట్టరు, కొట్టినా నిలవదు.

మరి కొట్టించుకున్నవాళ్లు 'గోడ వెచ్చగా ఉంది, చెయ్యి పెట్టి చూడండి' అంటారే? వాళ్లు అబద్ధమాడటం లేదు. మోసం చేసేది చెయ్యే. 20 డిగ్రీల కాంక్రీటు గోడ మీద 33 డిగ్రీల అరచెయ్యి పెడితే, కాంక్రీటు మన చేతి వేడిని గబగబా లాగేసుకుంటుంది. చర్మానికి, గోడకు మధ్య ఉష్ణోగ్రత 25 డిగ్రీల దగ్గరకు పడిపోతుంది. అదే 20 డిగ్రీల గోడ మీద కార్కు పూత ఉంటే అది వేడిని అంత వేగంగా తీసుకోలేదు, చర్మం దగ్గర 30 డిగ్రీలు నిలుస్తాయి. రెండు గోడలూ ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నాయి, థర్మామీటరు పెడితే తేలిపోతుంది. చేతికి తెలిసేది వేడి లాక్కునే వేగం, రాత్రంతా గోడ గుండా ఎంత వేడి పోయిందన్నది దానికి తెలియదు. పల్చటి చాప మీద పాదం పెట్టినప్పుడు నేల చల్లగా అనిపించదు కదా, అలాంటిదే. హాయిగా ఉండటం కూడా ఒక లాభమే, కాదనను. దాన్ని కరెంటు బిల్లులో వెతకొద్దంతే.

ఎండ కాసే గోడ విషయంలో ఇంకో మెలిక ఉంది. నల్లబడిన పాత గోడకు తెల్లటి కార్కు పూత కొట్టగానే లోపల వేడి బాగా తగ్గుతుంది. అందులో ఎక్కువ భాగం తెల్లరంగు చలవే. ముదురు రంగు గోడ తన మీద పడే ఎండలో చాలా భాగం మింగేస్తే, కొత్త తెలుపు చాలా భాగం తిప్పికొడుతుంది. ఆ పని మామూలు తెల్ల పెయింటూ చేస్తుంది, ఇంకా చవగ్గా. పైగా కార్కు పూత గరుకుగా ఉంటుంది కాబట్టి దుమ్ము పట్టుకుని తెలుపు త్వరగా మాసే అవకాశం ఉంది.

ఇంతదాకా చదివితే స్ప్రే కార్కు దండగ అనిపించొచ్చు. అలా తోసిపుచ్చడం కూడా తప్పే. దాన్ని ఇన్సులేషన్‌గా కాక, గోడకు వేసే తోలులా చూస్తే విలువ కనిపిస్తుంది. వాన నీరు లోపలికి పీల్చుకునే పాత గోడలకు ఇది నిజంగా మేలు చేస్తుంది. నీరు కదలని గాలి కన్నా ఇరవై రెట్లకు పైగా వేడిని మోస్తుంది. ఇటుకలోని సందుల్లో గాలి ఉండాల్సిన చోట నీరు చేరితే ఆ గోడ ఇన్సులేషన్ గుణం పడిపోతుంది. వానను బయటే ఆపి, లోపలి చెమ్మను ఆవిరిగా బయటికి పోనిచ్చే పూత వేస్తే గోడ నెమ్మదిగా ఆరి, తన సొంత గుణం తిరిగి తెచ్చుకుంటుంది. అలాంటి గోడకు నేను పైన వేసిన 8 శాతం కన్నా ఎక్కువే దక్కుతుంది.

రెండోది పగుళ్లు. ఎండకు సాగి, చలికి ముడుచుకునే ప్లాస్టరింగ్ మీద మామూలు పెయింట్ వెంట్రుకంత సన్నటి బీటలు ఇస్తుంది. కార్కు పూత సాగుతుంది కాబట్టి ఆ బీటలను దాటి నిలుస్తుంది. పునాది కుంగి వచ్చిన పగుళ్లకు మాత్రం ఏ పూతా మందు కాదు, ముందు కారణం చూడాలి. కింది నుంచి గోడలోకి ఎగబాకే చెమ్మకు కూడా అంతే. దాన్ని ఆపకుండా పైన కార్కు కొట్టిస్తే కొన్నాళ్లకు ఉబ్బి, పెచ్చులూడుతుంది. డబ్బూ పోతుంది, శనీ పట్టుకుంటుంది.

గది లోపల, ముఖ్యంగా స్నానాల గదిలో, ఓడల నాటి పాత సుగుణం పనికొస్తుంది. వేడి ఆవిరి వచ్చిన ఆ పది నిమిషాల్లో కార్కు పైపొర త్వరగా వేడెక్కుతుంది కాబట్టి దాని మీద నీటి బిందువులు తేలిగ్గా పేరుకోవు. రోజంతా ఆవిరి పట్టి ఉండే గదిలో మాత్రం కిటికీ తెరవడమే అసలు వైద్యం.

రేకుల కప్పు సంగతి వేరు. రేకు తనంతట తాను వేడిని ఏమాత్రం ఆపదు, ఉన్నదల్లా రెండు వైపుల గాలి పొరలు ఇచ్చే 0.2 మాత్రమే. దానికి 0.043 కలిస్తే వేడి 18 శాతం దాకా తగ్గుతుంది. ఏమీ లేనివాడికి కొంచెం దొరికినా అది పెద్దే కదా. దానికి తోడు వాన చినుకుల మోత. మెత్తటి పొర అంటుకున్న రేకు డప్పులా మోగదు. చప్పుడు తగ్గడం ఒక్కదాని కోసమే కొట్టించుకున్నా నేను తప్పుపట్టను. పక్కింటి మాటలు వినపడకుండా చేయడం మాత్రం దీని వల్ల కాదు, దానికి బరువైన గోడ కావాలి.

ఇక ఖర్చు. ఇది పెయింట్ కన్నా ఎందుకంత ఖరీదో మందమే చెబుతుంది. రెండుసార్లు వేసిన పెయింట్ ఆరాక 0.1 మిల్లీమీటరు చుట్టూ ఉంటుంది. 3 మిల్లీమీటర్ల కార్కు అంటే దానికి ముప్పై రెట్ల సరుకు, చదరపు మీటరుకు ఆరిన పూతే మూడు లీటర్లు. దాని మీద పరంజా, గోడ కడగడం, కిటికీలకు తలుపులకు ప్లాస్టిక్ కప్పడం, యంత్రం తెలిసిన మేస్త్రీ కూలి. చాలా ఇళ్లకు సరుకు ధర కన్నా ఈ పక్క ఖర్చులే ఎక్కువ తేలుతాయి.

ఇంట్లోకి వచ్చే, పోయే వేడిలో గోడల వాటా మూడో వంతు అనుకుందాం. మిగతాది కప్పు, కిటికీలు, సందులు. గోడల్లో 8 శాతం తగ్గితే మొత్తం మీద మిగిలేది 3 శాతం కూడా లేదు. పూతకైన ఖర్చు మీ ఇంటికి వేడి, చల్లదనాల కోసం రెండేళ్లు కట్టే బిల్లంత అయితే, అది తిరిగి రావడానికి డెబ్బై ఏళ్లు దాటుతుంది. పూతకు చెప్పే ఆయుష్షే పాతికేళ్ల చుట్టూ. కాకపోతే ఇంకో లెక్కా ఉంది. ఎలాగూ పరంజా కట్టి, ప్లాస్టరింగ్ బాగుచేసి, రంగు వేయించాల్సిన ఇల్లయితే ఆ ఖర్చు తప్పేది కాదు. అప్పుడు కార్కు కోసం అదనంగా పెట్టినదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. అది మొత్తంలో నాలుగో వంతే అయితే డెబ్బై కాస్తా పద్దెనిమిదికి దిగుతుంది. మధ్యలో ఒకటి రెండుసార్లు రంగులు వేయించే పని తప్పితే ఇంకా కిందికి. స్ప్రే కార్కు గిట్టుబాటయ్యేది ఇలాంటి ఇళ్లకే. రంగు బాగానే ఉన్న పొడి గోడకు బిల్లు తగ్గుతుందని కొట్టించడం నా లెక్కలో గిట్టదు. ఆ డబ్బుతో కప్పు మీద మందపాటి ఇన్సులేషన్ వేయించి, కిటికీ సందులు మూయిస్తే తేడా మొదటి ఏడాదే తెలుస్తుంది.

అయినా కొట్టించుకుందామనుకుంటే కాంట్రాక్టరుతో నాలుగు అంకెలు కాగితం మీద రాయించుకోవాలి: ఆరాక మందం ఎంత, అందులో కార్కు బరువు ఎంత శాతం, పూతకు పరీక్షలో వచ్చిన ఉష్ణవాహకత ఎంత, ఆవిరిని ఎంత పోనిస్తుంది. మంటకు ఎలా తట్టుకుంటుందో కూడా అడగాలి, ఎందుకంటే పూతలో కార్కుతో పాటు ప్లాస్టిక్ జిగురూ ఉంది. పని జరిగే రోజు ఒక మూల చిన్న ముక్క కోసి స్కేలు పెట్టి కొలవడానికి మొహమాటపడకూడదు. మూడు చెప్పి ఒకటిన్నర కొడితే కంటితో చూసి కనిపెట్టలేం, రెండూ ఒకేలా గరుకుగా ఉంటాయి.

గోడలకు మందపాటి పలకలు వేయించుకున్న ఇంట్లో కూడా ఈ పూతకు ఒక చోటు మిగులుతుంది. అది కిటికీ చుట్టూ ఉండే గోడ అంచు. అక్కడ 5 సెంటీమీటర్ల పలక పెడితే కిటికీ తెరుచుకోదు, వదిలేస్తే చలికాలంలో ముందుగా బూజు పట్టేది ఆ అంచుకే. తలుపు రెక్కకు, గోడకు మధ్య ఉన్న ఆ వేలెడు సందులో నాలుగు మిల్లీమీటర్లు పట్టగల ఇన్సులేషన్ మరొకటి వెతికి తేవడం కష్టం.