పాస్ మార్కు నుంచి కటాఫ్ దాకా: పీఆర్ పాయింట్ల కథ

హనుమకొండలో ఏ కన్సల్టెన్సీ మెట్లెక్కినా "కెనడా పీఆర్‌కు 67 పాయింట్లు వస్తే చాలు" అనే మాట ఇప్పటికీ చెవిన పడుతుంది. పీఆర్ అంటే అక్కడ శాశ్వతంగా ఉండే హక్కు, పాయింట్లంటే చదువు, వయసు, భాష లాంటివాటికి వేసే మార్కులు. ఇది పూర్తిగా అబద్ధం కాదు, అదే అసలు ఇబ్బంది. 67 అనేది 2003 సెప్టెంబర్‌లో ఖాయమైన పాస్ మార్కు. అప్పట్లో 67 దాటి, పోలీస్ సర్టిఫికెట్, మెడికల్, బ్యాంకులో డబ్బు సరిగ్గా ఉంటే ఆలస్యమైనా వీసా వచ్చేది. ఇప్పుడు 67 వస్తే లైన్లో నిలబడనిస్తారు, అంతే. ఈ రెండింటి మధ్య తేడా తెలియక ఫీజులు కట్టి, ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లిష్ పరీక్ష) రాసి, యూనివర్సిటీ చుట్టూ ట్రాన్‌స్క్రిప్టుల కోసం తిరిగి, చివరికి "అన్నా, 67 దాటినయ్ కదా, మరి ఇంకా పిలుస్తలేరేంది?" అని అడిగేవాళ్లు చాలామంది. దానికి జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

ముందు ఒక మాట. మన ఉత్తర తెలంగాణకు వలస కొత్తేమీ కాదు. జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి, నిజామాబాద్ పల్లెల నుంచి రెండు మూడు తరాలుగా దుబాయ్, మస్కట్, సౌదీ పోతూనే ఉన్నారు. అక్కడ లెక్కే వేరు. అకామా (అక్కడ ఉండే పర్మిట్) కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) పేరు మీద నడుస్తుంది, పని పోతే ఉండే హక్కూ పోతుంది, కంపెనీ వదిలి బయట పని చేస్తే ఖల్లివెల్లి (కాగితాల్లేని మనిషి) కింద జమ. పాతికేళ్లు కష్టపడి వాళ్ల బిల్డింగులు కట్టిన మనిషికైనా చివరికి మిగిలేది తిరుగు టికెట్టే. పాయింట్ల పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. యజమాని లేడు, ఆఫర్ లెటర్ లేదు, మనిషి ఇంకా కాజీపేటలోనే ఉన్నాడు, అయినా అక్కడ శాశ్వతంగా ఉండే హక్కు ముందే చేతికొస్తుంది. ఎక్కడ కావాలంటే అక్కడ పని చేసుకోవచ్చు. ఓటు, పాస్‌పోర్టు మాత్రం ఉండవు. కెనడాలో అయితే ఏ ఐదేళ్లలోనైనా 730 రోజులు అక్కడ ఉండాలి, 1,095 రోజులు ఉంటే పౌరసత్వానికి అప్లై చేసుకోవచ్చు.

ఇంత ఉదారంగా కనిపించే ఈ పద్ధతి ఉదారత్వంలోంచి పుట్టలేదు. దీని ముందు కథ చాలా చేదు. 1908లో కెనడా ఒక రూల్ తెచ్చింది: పుట్టిన దేశం నుంచి మధ్యలో ఆగకుండా నేరుగా ప్రయాణం చేసి వచ్చినవాళ్లనే దిగనిస్తారు. ఇండియా నుంచి అలా నేరుగా వచ్చే ఓడే లేదు. అంటే పేరు పెట్టకుండానే మనవాళ్లకు తలుపు మూశారు. 1914లో కొమగాట మారు అనే ఓడలో ఎక్కువగా పంజాబీలు, మొత్తం 376 మంది వాంకూవర్ చేరితే, కొద్దిమందిని తప్ప దిగనివ్వకుండా రెండు నెలలు నీళ్ల మీదే ఉంచి వెనక్కి పంపారు. ఆ ఓడ కలకత్తా దగ్గర బజ్‌బజ్ చేరాక పోలీసు కాల్పుల్లో కొందరు చనిపోయారు కూడా. స్వాతంత్య్రం వచ్చాక, 1951లో, ఇండియా మొత్తానికి ఏడాదికి 150 మంది అని కోటా ఇచ్చారు. తర్వాత దాన్ని 300 చేశారు. ఆస్ట్రేలియా ఇంకా తెలివిగా, 1901 చట్టం కింద, వద్దనుకున్న మనిషికి ఏదో ఒక యూరప్ భాషలో 50 పదాల డిక్టేషన్ పెట్టేది. ఏ భాషలో పెట్టాలో ఆఫీసర్ ఇష్టం. ఇంగ్లిష్ బాగా వచ్చినవాడికి ఇంకో భాషలో పెడితే ఫెయిలవకుండా ఉంటాడా? ఆ పరీక్ష 1958 దాకా నడిచింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లెక్కలు మారాయి. కెనడాకు ఫ్యాక్టరీలు, కాలేజీలు, ఆస్పత్రులు పెరుగుతున్నాయి, పనివాళ్లు కావాలి. యూరప్ కోలుకుంది కాబట్టి అక్కడి చదువుకున్నవాళ్లు మునుపటిలా రావడం లేదు. రంగు చూసి మనుషుల్ని ఆపే దేశమన్న చెడ్డపేరు ఒకటి. 1962లో ఎలెన్ ఫెయిర్‌క్లో మంత్రిగా ఉన్నప్పుడు ఆ జాతి వివక్ష నియమాలు చాలావరకు పోయాయి, చదువూ నైపుణ్యమూ చూడాలన్నారు. కానీ ఎంత చదువు ఉంటే చాలు, ఎవరు నిర్ణయించాలి? ఆ పని ఇమిగ్రేషన్ ఆఫీసర్ విచక్షణకే వదిలేశారు. ఆఫీసర్ మనసు మారనప్పుడు కాగితం మీద రూల్ మారి ఏం లాభం.

ఆ ఖాళీని పూడ్చడానికే 1967 అక్టోబర్ 1న పాయింట్లు వచ్చాయి. లెస్టర్ పియర్సన్ ప్రభుత్వం, జాన్ మార్షాన్ మంత్రి, దీన్ని తయారుచేసిన ఘనత ఎక్కువగా టామ్ కెంట్ అనే అధికారికి ఇస్తారు. చదువుకు 20, ఆ పనికి ఉన్న గిరాకీకి 15, నైపుణ్యానికి 10, వయసుకు 10, భాషకు 10, ముందే ఉద్యోగం ఉంటే 10, బంధువు ఉంటే 5, పోయే ఊళ్లో పని దొరికే అవకాశానికి 5. ఇంకో 15 మార్కులు మాత్రం ఆఫీసర్ ఇంటర్వ్యూలో మనిషిని చూసి వేసేవి. అంటే పాత విచక్షణ పూర్తిగా చావలేదు, దాన్ని 15కి కట్టడి చేశారు. మొత్తం 100కి 50 వస్తే చాలు. నాకు ఈ పట్టికలో అన్నింటికంటే నచ్చే విషయం అందులో లేనిది: పుట్టిన దేశానికి గడి లేదు. నచ్చనిది కూడా ఉంది, నైపుణ్యం గడిలో ప్రొఫెషనల్‌కు 10 అయితే ఏ పనీ నేర్వని కూలికి 1. గల్ఫ్ పోయే మన సిరిసిల్ల పిల్లగాడికి ఈ తలుపు ఆ రోజే మూసుకుంది.

కాలం కలిసొచ్చిందనాలో ఏమో, మన రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ (ఇప్పటి ఎన్‌ఐటీ), కాకతీయ మెడికల్ కాలేజీ రెండూ 1959లోనే మొదలయ్యాయి. అమెరికా 1965లో దేశాల వారీ పాత కోటాలు ఎత్తేసే చట్టం చేసింది, రెండేళ్లకు కెనడా పాయింట్లు తెచ్చింది. సరిగ్గా అప్పటికే ఇక్కడ సర్టిఫికెట్ ఉన్న మనుషులు తయారవుతున్నారు. ఆస్ట్రేలియా తెల్లవాళ్లకే చోటిచ్చే విధానాన్ని 1973లో వదిలి, 1979లో తన సొంత పాయింట్ల పద్ధతి మొదలుపెట్టింది. న్యూజిలాండ్ 1991లో.

ఇప్పుడు 67 దగ్గరికి వద్దాం. 2002లో కెనడా కొత్త చట్టం అమల్లోకి తెస్తూ, ఏ వృత్తికి గిరాకీ ఉందో ప్రభుత్వం ఊహించడం దండగ, చదువూ భాషా ఉన్న మనిషిని తెచ్చుకుంటే వాడే ఏదో ఒకటి చేసుకుంటాడు అనుకుంది. మొదట 75 అని పెట్టారు, అది మరీ కఠినమై 67కు దించారు. దిగితే ఏమైంది? పాస్ అయిన ప్రతి దరఖాస్తునూ చూసి తీరాలి, కానీ ఏడాదికి తీసుకునే సంఖ్య ఎంతో ముందే నిర్ణయమై ఉంది. ఫైళ్లు గుట్టలు పడ్డాయి, ఏళ్ల తరబడి ఎదురుచూపులు. 2008లో 38 వృత్తుల జాబితా పెట్టి కొత్తవాళ్లను తగ్గించారు. 2012లో ఇంకో అడుగు వేసి, 2008 ఫిబ్రవరి 27కు ముందు అప్లై చేసి నిర్ణయం రానివాళ్ల ఫైళ్లను చట్టం చేసి మరీ కొట్టేశారు. కుటుంబాలతో కలిపి దాదాపు 2,80,000 మంది. ఫీజు వెనక్కిచ్చారు, పోయిన ఏళ్లు ఎవరిస్తారు? పాయింట్ల పద్ధతి అంటే "రూల్ ప్రకారం వస్తే వచ్చినట్టే" అనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి.

బ్రిటన్ కూడా తక్కువ తినలేదు. 2002లో హై స్కిల్డ్ ప్రోగ్రామ్ అని పిలిచి, జనం ఉన్న ఉద్యోగాలు వదిలి అక్కడికి చేరాక, 2006 నవంబర్‌లో పొడిగింపు రూల్స్ మార్చేసింది. వలసదారులు కోర్టుకు పోయి 2008లో గెలిచారు. తర్వాత ఆ పథకం వేరే పేరుతో కొన్నాళ్లు నడిచి 2011 కల్లా మూతపడింది.

ఫైళ్ల గుట్టలకు మందు న్యూజిలాండ్ కనిపెట్టింది. 2003లో వాళ్లు ముందు దరఖాస్తు కాదు, ఆసక్తి మాత్రమే తెలపమన్నారు, అందులోంచి మేమే ఏరి పిలుస్తామన్నారు. ఆస్ట్రేలియా 2012 జులైలో అదే చేసింది, కెనడా 2015 జనవరిలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పేరుతో చేసింది. పదో తరగతి పరీక్ష ఎంసెట్‌గా మారడం లాంటిది ఇది. పదిలో 35 దాటితే పక్కవాడికి ఎన్ని వచ్చాయో మనకు అనవసరం. ఎంసెట్‌లో మన మార్కులు ఎంతన్నది కాదు, మనకంటే ఎక్కువ వచ్చినవాళ్లు ఎందరన్నదే లెక్క. పాత 67 ఎక్కడికీ పోలేదు, పూల్‌లోకి, అంటే ఆసక్తి తెలిపినవాళ్ల జాబితాలోకి, ఎంట్రీ టికెట్‌గా మిగిలింది. దాని మీద 1,200కు సీఆర్‌ఎస్ (ర్యాంకు వేసే పద్ధతి) అనే ఇంకో స్కోరు వచ్చింది, పిలుపు దాన్ని బట్టే.

ఆ స్కోరు ఎలా పడుతుందో ఒకసారి చూద్దాం, ఎందుకంటే ఇక్కడే మనవాళ్లు ఎక్కువ నష్టపోతున్నారు. పెళ్లికాని 29 ఏళ్ల బీటెక్, మూడేళ్లకు మించి హైదరాబాద్‌లో అనుభవం, ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్ 8, మిగతావి 7. వయసుకు 110, డిగ్రీకి 120, భాషకు 124, చదువు, అనుభవం మంచి భాషతో కలిసినందుకు ఇంకో 75. మొత్తం 429. అదే మనిషికి లిజనింగ్‌లో 7.5 వస్తే? ఒక్క అర బ్యాండ్. భాషలో 8 పోతాయి, కలిసినందుకు ఇచ్చే 75 కాస్తా 38 అవుతుంది, స్కోరు 384కు పడుతుంది. అర బ్యాండ్‌కు 45 పాయింట్లు! సబ్జెక్టు వచ్చినా ఆ యాస చెవికి ఎక్కక ఓడిపోయేవాళ్లను చూస్తే ఇది న్యాయమా అనిపిస్తుంది. ఇంకా వయసు: 30 నిండగానే 105, 35కు 77, 40కి 50, 45కు సున్నా. "ఇంకో రెండేళ్లు అనుభవం పెంచుకుని పెడతా" అనే ప్లాన్ ఇందుకే ఎదురు తంతుంది, మూడేళ్లు దాటాక బయటి దేశపు అనుభవానికి కొత్తగా ఏమీ కలవదు, వయసు మాత్రం కోస్తూనే ఉంటుంది. 429 అయినా 2025లో సరిపోయే స్కోరేమీ కాదు, అక్కడ పని అనుభవం ఉన్నవాళ్ల డ్రాలే (పూల్‌లోంచి ఏరి పిలిచే విడతలు) 500 పైన నడిచాయి. ఈ లెక్క వేసే పట్టిక కెనడా ప్రభుత్వ సైటులో ఉచితంగా ఉంది. కన్సల్టెన్సీ "ఎలిజిబిలిటీ అసెస్‌మెంట్" అని డబ్బు తీసుకునేది చాలాసార్లు దాన్ని నింపి చూపించడానికే.

కటాఫ్ మన ప్రతిభ గురించి ఏమీ చెప్పదు, వాళ్ల అవసరం గురించి చెబుతుంది. 2021 ఫిబ్రవరి 13న, కోవిడ్‌తో సరిహద్దులు మూసి ఉన్నప్పుడు, కెనడా లోపల అనుభవం ఉన్నవాళ్ల కోసం తీసిన డ్రాలో కటాఫ్ 75కు దిగింది, ఒక్క రోజున 27,332 మందికి పిలుపులు వెళ్లాయి. 2023 నుంచి కేటగిరీ డ్రాలు మొదలయ్యాయి: వైద్యం, సాంకేతికం, చేతిపనులు, ఫ్రెంచ్. ఫ్రెంచ్ వచ్చినవాళ్లకు 2025 మార్చిలో 379 కటాఫ్‌కే పిలుపు వచ్చింది, అందుకే బీటెక్ అయ్యాక ఫ్రెంచ్ ట్యూషన్‌కు పోయేవాళ్లు కనిపిస్తున్నారు. గమనిస్తే, 2002లో వద్దనుకున్న వృత్తుల జాబితా మళ్లీ వచ్చి కూర్చుంది.

ఇక ఉద్యోగ ఆఫర్ సంగతి. 2015లో దానికి 600 పాయింట్లు, అంటే పీఆర్ ఖాయం. 2016 నవంబర్‌లో 50 లేదా 200 చేశారు. అప్పటికీ ఎల్‌ఎంఐఏ కాగితాలు (బయటి మనిషిని పనిలో పెట్టుకోవడానికి యజమానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) అమ్ముకోవడం ఆగలేదు. 2025 మార్చి 25 నుంచి ఆ పాయింట్లే తీసేశారు. లక్షలు పోసి కాగితం కొన్నవాడి స్కోరు రాత్రికి రాత్రే పడిపోయింది, నిజాయితీగా ఉద్యోగం తెచ్చుకున్నవాడిదీ పడిపోయింది. ఇప్పుడు 600 ఇచ్చేది అక్కడి రాష్ట్రాల నామినేషన్ (ఈ మనిషి మాకు కావాలనే సిఫారసు) ఒక్కటే. దానికి తోడు 2025లో తీసుకునే కొత్త పీఆర్‌ల లక్ష్యాన్ని ముందు చెప్పిన 5,00,000 నుంచి 3,95,000కు తగ్గించారు, ఇళ్ల అద్దెలు పెరిగి అక్కడి జనంలో వ్యతిరేకత వచ్చింది కాబట్టి.

అమెరికా ఈ దారికి ఇంతవరకు రాలేదు. 2007లో, 2017లో పాయింట్ల బిల్లులు వచ్చి ఆగిపోయాయి. అక్కడ 1990 చట్టమే: ఉద్యోగాల మీద ఏడాదికి 1,40,000 గ్రీన్‌కార్డులు, ఏ దేశానికైనా 7 శాతం మించకూడదు. అందుకే 2023 జులైలో కెనడా హెచ్1బీ ఉన్నవాళ్లకు 10,000 వర్క్ పర్మిట్లు అనగానే రెండు రోజుల్లోపే నిండిపోయాయి.

ఆస్ట్రేలియాలో కనీసం 65 ఉండాలి, 45 ఏళ్లు నిండకూడదు. 25 నుంచి 32 ఏళ్ల మధ్య వయసుకు 30, డిగ్రీకి 15, ఇంగ్లిష్ చాలా బాగుంటే 20. ఐటీవాళ్ల అనుభవంలో అర్హతలు తేల్చే అక్కడి కంప్యూటర్ సొసైటీ సాధారణంగా రెండేళ్లు కోసేస్తుంది, ఆ సంగతి తెలియక ఐదేళ్లు వేసుకున్నవాళ్లకు మూడే మిగులుతాయి. ఈ లోటు పూడ్చుకోవడానికి మనవాళ్లు రాసేది నాటీ (అక్కడ అనువాదకులకు పరీక్షలు పెట్టే సంస్థ) వాళ్ల సీసీఎల్ పరీక్ష. ఆస్పత్రిలోనో బ్యాంకులోనో ఇద్దరి మాటలను తెలుగు నుంచి ఇంగ్లిష్‌కు, ఇంగ్లిష్ నుంచి తెలుగుకు అప్పటికప్పుడు చెప్పాలి, 90కి 63 రావాలి. పాసైతే 5 పాయింట్లు, మూడేళ్లు పనికొస్తాయి. ఒకప్పుడు డిక్టేషన్ పెట్టి బయటకు పంపిన దేశం ఇప్పుడు తెలుగు వచ్చినందుకు మార్కులు వేస్తోంది. ఇంటర్ దాకా ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్లలు ఆ 63 కోసం తెలుగు కోచింగ్‌కు డబ్బు కడుతున్నారు.