133 ఓట్లు పడినా మండలి ఎందుకు పోలేదు?

చిన్నూ, బుజ్జీ,

మొన్న ఫోన్లో చిన్నూ అడిగాడు, "తాతయ్యా, అసెంబ్లీలో తీర్మానం పాసైందంటే ఇక చట్టం వచ్చేసినట్టేగా?" అని. చెప్పబోయేలోపే మీ అమ్మ అన్నానికి పిలిచింది, అందుకే రాస్తున్నా.

కాదు నాన్నా. బిల్లంటే చట్టం కాబోయే ముసాయిదా. తీర్మానమంటే సభ తన మనసులో మాట బయటపెట్టడం. పోయిన సెలవుల్లో మీరిద్దరూ కుక్కపిల్లను తెచ్చుకోవాలని తీర్మానించి, గోడకి కాగితం కూడా అంటించారు, గుర్తుందా? వచ్చిందా మరి? అమ్మ సరే అంటేగా!

2020 జనవరిలో మన ఆంధ్రాలో వారం తేడాతో ఈ రెండూ జరిగాయి. మూడు రాజధానుల బిల్లును 20న శాసనసభ పాస్ చేసి మండలికి, అంటే శాసనసభ పాస్ చేసిన బిల్లుల్ని మళ్లీ చూసే రెండో సభకి, పంపింది. అక్కడ మెజారిటీ ప్రతిపక్షానిది, 22 రాత్రి చైర్మన్ దాన్ని సెలెక్ట్ కమిటీకి, అంటే బిల్లును వివరంగా పరిశీలించే సభ్యుల బృందానికి, పంపుతున్నానన్నారు. ఒకటే గొడవ. దాంతో 27న శాసనసభ అసలు మండలే వద్దని తీర్మానించింది. మామూలుగా అయితే స్పీకర్ "అనుకూలంగా ఉన్నవారు అవును అనండి" అంటారు, అందరూ ఒక్కసారిగా "అవును" అని అరుస్తారు, అయిపోతుంది, అదే మూజువాణి ఓటు. దీనికి అది చాలదు, తలలు లెక్కపెట్టాల్సిందే, ఎందుకంటే మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, ఓటేసినవాళ్లలో మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలని రాజ్యాంగం 169వ అధికరణలో ఉంది. ప్రతిపక్షం సభకు రాలేదు. అనుకూలం 133, వ్యతిరేకం సున్నా.

అయినా మండలి పోలేదు! పార్లమెంటు చట్టం చేస్తేనే పోతుంది, వాళ్లు చేయలేదు. అలాగని తీర్మానం ఉత్త కాగితం అనుకోకండి, ఎన్టీఆర్ హయాంలో ఇదే రకం తీర్మానం ఢిల్లీకి వెళ్తే 1985లో పార్లమెంటు మండలిని నిజంగానే తీసేసింది. మళ్లీ 2007లో వచ్చింది.

ఇక మండలిలో ఇరుక్కున్న ఆ బిల్లు ఏమైందంటారా, చట్టమైపోయింది! మండలి ఒక బిల్లును మొదటిసారి మూడు నెలలు, శాసనసభ మళ్లీ పాస్ చేసి పంపితే ఇంకో నెల ఆపగలదు, అంతకుమించి దాని చేతిలో ఏమీ లేదు. జూన్‌లో సభ రెండోసారి పాస్ చేసింది, జులై 31న గవర్నర్ ఆమోదముద్ర వేశారు. నాకైతే ఆ ఆపడం కూడా మంచిదే అనిపిస్తుంది, తొందరలో రాసిందాన్ని ఇంకొకరు చదవాలి కదా. మీ తాతమ్మ మాత్రం "దండగ" అనేది.

చివరికి 2021 నవంబరు 22న ఆ చట్టాన్ని రద్దు చేస్తూ సభ ఇంకో బిల్లు పాస్ చేసింది. మర్నాడు మండలి వద్దన్న తీర్మానాన్నీ వెనక్కి తీసుకుంది, దానికి ఇంకో తీర్మానం సరిపోయింది.

కుక్కపిల్ల సంగతి అమ్మతో నేను మాట్లాడతా. గోడ మీద కాగితం చింపకండి.

మీ తాతయ్య