నాడుల్లో పరుగెత్తేది విద్యుత్తేనా? వివాదం మూలాలు 1952లో

నాడీ సంకేతం అసలు విద్యుత్తే కాదని, నాడీకణం పొరలో సాగే యాంత్రిక తరంగమని, విద్యుత్తు దాని వెంట వచ్చేదేనని వాదించేవారి గొంతు మళ్లీ వినిపిస్తోంది. కోపెన్‌హాగన్‌లోని నీల్స్ బోర్ ఇన్‌స్టిట్యూట్ నుంచి థామస్ హైంబర్గ్, ఆండ్రూ జాక్సన్ 2005లో చేసిన ప్రతిపాదన ఇది. దీన్ని అర్థం చేసుకోవడానికి, విద్యుత్తు తగిలితే చచ్చిన కప్ప కాళ్లు కదులుతాయని చూపిన గాల్వానీ దాకా వెళ్లనక్కర్లేదు. ముడి పడింది 1952లో.

బ్రిటిష్ శాస్త్రవేత్తలు అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ ఎంచుకున్నది స్క్విడ్ అనే సముద్రజీవి నాడీతంతువు. దాదాపు అర మిల్లీమీటరు మందం ఉండే ఆ తంతువులోకి సన్నని తీగను నిలువునా జొప్పించి, పొర వోల్టేజీని ఒక స్థాయిలో నిలిపి ఉంచి, దాని గుండా పారే విద్యుత్తును కొలిచారు. ముందు సోడియం అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) లోపలికి దూసుకొస్తాయి, మిల్లీసెకను తిరిగేలోగా పొటాషియం అయాన్లు బయటికి పోవడం ఊపందుకుంటుంది. ఈ కొలతలను సమీకరణాలుగా రాశాక, సంకేతం ఎంత వేగంతో కదలాలో లెక్కగట్టాలి. కేంబ్రిడ్జి కంప్యూటర్ ఆ సమయంలో అందుబాటులో లేదు. హక్స్‌లీ వారాల తరబడి చేతితో తిప్పే గణనయంత్రం ముందు కూర్చున్నారు. లెక్కలో తేలిన వేగం సెకనుకు 18.8 మీటర్లు. తంతువులో కొలిచిన వేగం 21.2. వేగాన్ని కొలవకుండా, అయాన్ల కొలతల నుంచి ఇంత దగ్గరకు రావడం సామాన్యమైన విజయం కాదు.

అయితే ఆ సమీకరణాలు కరెంటు, వోల్టేజీల గురించే మాట్లాడతాయి, వేడి ఊసెత్తవు. పీత నాడిలో సంకేతం సాగేటప్పుడు వేడి పుట్టి, వెంటనే చాలావరకు తిరిగి పీల్చుకుపోతుందని 1958లో ఎ.వి. హిల్ బృందం చూపింది. నిరోధం గుండా పారే కరెంటు వేడిని వెనక్కి తీసుకోదు. తరంగవాదుల పట్టు ఇక్కడే ఉంది. సంకేతం వెళ్లేటప్పుడు తంతువు నానోమీటర్ల మేర ఉబ్బుతుందని 1980లో తాసాకి బృందం కొలవడం వారికి కలిసొచ్చింది.

మరి పఫర్‌ఫిష్ విషం టెట్రోడోటాక్సిన్ సోడియం దారిని మూసేస్తే సంకేతమే ఆగిపోవడం మాటేమిటి? 1976లో నేహర్, సాక్మన్ పొరలో అయాన్లు దాటే ద్వారాల్లో, అంటే చానళ్లలో, ఒక్కదాని గుండా పారే కరెంటును విడిగా నమోదు చేశారు. చానళ్లు లేకుండానే సంకేతం సాగగలదనే సిద్ధాంతం ముందుగా వీటికి జవాబు చెప్పాలి. వేడికి వివరణ విద్యుత్ పక్షం దగ్గరా ఉంది: పొర, విద్యుదావేశాన్ని నిల్వచేసే కెపాసిటర్ లాంటిది, దానిలోని విద్యుదావేశం తగ్గినప్పుడు వేడి వెలువడి, తిరిగి నిండినప్పుడు లోపలికి పోతుంది. ఉబ్బు కూడా ఆవేశాలు పొరను నొక్కే బలం వల్లే రావచ్చని 2015లో ఎల్ హాదీ, మక్టా గణితపరంగా చూపారు. అంటే పొర కదలిక నిజమే. దాన్ని కదిలించేది విద్యుత్తేనా అన్నదే ఇప్పటి తగాదా.